బాత్రూము గడపకు పసుపు

మా చిన్నప్పుడు... నగరిలో మా ఇంటి పెరట్లో, వానలో స్నానం చేసే మా అవ్వకు నేను గొడుగు పట్టేదాన్ని. నవ్వకండి. తల మీద చెంబులతో నీళ్లు పోసుకునే మనిషికి వాన తగలకూడదట! గొడుగు కాస్త పక్కకు ఒరిగితే తిట్లన్నీ నాకే...

ఇంట్లో బాత్రూము లేక కాదు. కొత్తది కట్టి అప్పటికి వారం దాటింది. పెరట్లో బండ మీద జారిపడి అవ్వ మోకాలు వాచిందని, ఆమె కోసమే నాయన మగ్గం గదికి ఆనించి కట్టించాడు.

తిరుపతిలో ఏదో లాడ్జి బాగు చేస్తుంటే మిగిలిపోయిన టైల్సును మా మామ బస్సులో వేసుకొచ్చాడు. మూడు రకాలు, మూడు మందాలు. మేస్త్రీ వాటిని ఎట్లాగో పరిచేసి, రేణిగుంటలో పని ఉందని పోయినవాడు మళ్లీ కనపడలేదు. నేల చూస్తే మగ్గం గదిలోకి తెరుచుకునే వాకిలి దగ్గర ఒక చోట వేలెత్తు లేచింది, ఇంకో చోట పల్లం.

గోరుచుట్టు మీద రోకటి పోటు అన్నట్టు, వాలు కూడా మగ్గం వైపుకే పెట్టాడు మహానుభావుడు. మాది గుంత మగ్గం. బాత్రూములో బకెట్టు నీళ్లు పోస్తే నేరుగా నాయన కాళ్లు పెట్టుకునే గుంతలోకే. అందుకని, వాకిలికి గడప కూర్చునేదాకా లోపల ఎవరూ స్నానం చేయకూడదని నాయన ఆర్డరు. అవ్వ మళ్లీ పెరట్లోకి, నేను మళ్లీ గొడుగుతో...

వడ్రంగి మునెప్ప వేపచెక్కతో గడప చేసి తెచ్చాడు. తిన్నగా, నున్నగా, చూడముచ్చటగా ఉంది. పెట్టి చూస్తే టకటకా ఊగింది. కింద సందులో నా చిటికెనవేలు దూరింది.

"సిమెంటు పూసేస్తే సరిపోతాదిలే అన్నా," అన్నాడు మునెప్ప.

"పూసింది నాలుగు దినాలుంటాది. ఆనక నీళ్లు యాడికి పోతాయి? నా గుంతలోకే గదా!"

నాయన ఒప్పుకోలేదు. ఒక్క పోగు తెగినా మగ్గం ఆపి ముడేసే మనిషి, ఆ సందును వదిలేస్తాడా? ఇక తనే రంగంలోకి దిగాడు. అటక మీది పాత జకార్డు అట్టలు, అదే, చీర డిజైనుకు చిల్లులు కొట్టినవి, రెండు తీసి అతికించాడు. వాటిని బాత్రూము వాకిట్లో నిలబెట్టి, చెక్కముక్క మీద పెన్సిలు ఆనించి, నేల మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా జరిపాడు. నేల ఎత్తుపల్లాలన్నీ అట్ట మీద గీతగా వచ్చేశాయి. "నేల వంకరైతే గడప గూడా అంతే వంకరగా పోవల్ల," అన్నాడు గొప్పగా. మేమంతా నోళ్లు తెరుచుకుని చూశాం.

ఆ గీత వెంట కత్తిరించిన అట్ట ప్రకారం మునెప్ప గడప అడుగు కోసి తెచ్చాడు. పెడితే... ముందుకంటే రెండింతలు ఊగింది!

నాయన చెక్క మంచిది కాదన్నాడు. రంపం మొద్దుదన్నాడు. ఆడలేక మద్దెల ఓడు! రెండు రోజులు మునెప్పకూ ఆయనకూ మాటల్లేవు. చివరికి అమ్మ ఉండబట్టలేక అట్టను మునెప్ప పెట్టిన వైపు కాకుండా తిప్పి వాకిట్లో పెట్టి చూపించింది. అచ్చంగా కూర్చుంది. జరిగిందేమంటే, మేము చీరను బోర్లా నేస్తాం. మంచి ముఖం కిందికి ఉంటుంది, నేసేవాడికి కనిపించేదంతా వెనకే. ఆ అలవాటులో నాయన తనకు కనిపించే వైపున 'వెనక' అని రాసిచ్చాడు. మునెప్ప పాపం, ఆ మాట పట్టుకుని అట్టను తిప్పి కోశాడు, ఎత్తుపల్లాలు కుడిఎడమలైపోయాయి. నాయన పోయి ఇంకో చెక్క తెచ్చి ఇచ్చాడు, అంతే.

ఈసారి గడప కదల్లేదు. నాలుగు బకెట్లు పోసి చూశాం, ఒక్క చుక్క ఇటు రాలేదు. నా గొడుగు డ్యూటీ అయిపోయిందని ఎగిరి గంతేశాను.

ఇంతలో అవ్వ పసుపు గిన్నె పట్టుకుని వచ్చింది.

"బాత్రూముకు ఎవురన్నా పసుపు పూస్తారా అత్తా?" అంది అమ్మ.

"యాడుంటే ఏమి? గడప గడపే. ఎవురూ తొక్కగూడదు."

తొక్కకూడదు సరే... బెత్తెడు ఎత్తు గడపను ఆ వాచిన మోకాలితో ఈమె ఎట్లా దాటుతుంది? ఎవరి కోసం కట్టామో ఆమే దాటలేని బాత్రూము! నాయన తల పట్టుకున్నాడు.

ఇక రోజూ అదే తంతు. "సుబ్రమణీ, రారా..." అని కేక. నాయన మగ్గం ఆపి, గుంతలోంచి లేచి, గొణుక్కుంటూ వచ్చి, చంకల కింద చేతులేసి ఆమెను అటు దించేవాడు. స్నానమయ్యాక మళ్లీ కేక. అమ్మ చెయ్యిస్తే పట్టుకునేది కాదు, "నువ్వు పడేస్తావు" అనేది. "ఇట్లయితే మగ్గం మీంచి చీర దిగేదెప్పుడు మా?" అని నాయన విసుక్కునేవాడు. ముసలిదాని మొండితనానికి నాకైతే ఒళ్లు మండిపోయేది.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. మొన్న తిరుపతిలో మా ఫ్లాటుకు వచ్చిన అమ్మ, మాటల్లో ఉన్నట్టుండి చెప్పింది...

"మీ నాయన నూలు తెచ్చేదానికి ఊరికి పోయిన దినాల్లో మీ అవ్వ తనంతట తానే దాటేసేది. తలుపు పట్టుకోని, సక్కగా కాలెత్తి. నేను సూసినాను. వానికి చెప్పొద్దు అనింది."

"మరి రోజూ ఆ కేకలు ఎందుకు మా?"

"నేనూ అదే అడిగినాను. పొద్దన లేస్తే గుంతలోనే ఉంటాడు, ఈ రెండు తూర్లన్నా వచ్చి నన్ను పట్టుకుంటాడు గదా, అనింది."

ఇన్నేళ్లూ ఆమెను మొండిదని చెప్పుకుని నవ్వినందుకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

ఇప్పుడు మా ఫ్లాటులో బాత్రూముకు గడపే లేదు. రబ్బరు పట్టీ ఒకటి అంటించి పోయారు. ఎవరి స్నానం వాళ్లది, ఎవరూ ఎవర్నీ కేకేసే పని లేదు... మీ ఇళ్లల్లోనూ చేతనైన పని కూడా చేతకాదంటూ పిలిచినవాళ్లు ఉన్నారా? ఉంటే రాయండి. ఇంకా పిలుస్తూనే ఉంటే మాత్రం, రాయడం తర్వాత, ముందు లేచి వెళ్లండి.