రెస్ట్ రోజు రోగం

2014. అవతల తెలంగాణ ఏర్పడిన ఏడాది. ఇవతల మహారాష్ట్ర చంద్రపూర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి మానసిక విభాగంలో నేను కొత్త నర్సుని. డాక్టరు గారిది మరాఠీ. తెలుగు రోగులకు ఆయన మాట చేరవేసేది నేనే. "మనది గిప్పుడు ఏ రాష్ట్రం తమ్మీ?" అని అడిగేవాళ్ళు. "మీరొచ్చిన బస్సు మీద ఏం రాసుంటే అదే" అనేవాణ్ణి.

ఓదెలు మాజ్రి బొగ్గు గనిలో పంపు ఆపరేటర్. వారానికో రోజు సెలవు, దాన్ని గనిలో 'రెస్ట్' అంటారు. డిప్రెషన్‌కు పారోక్సెటిన్ రాశారు. మెదడులో కణం నుంచి కణానికి కబురు మోసే రసాయనాల్లో సెరోటోనిన్ ఒకటి. పని కాగానే పంపిన కణమే దాన్ని వెనక్కి లాక్కుంటుంది. ఈ మందు ఆ లాగుడును అడ్డుకుంటుంది. అయితే ఒంట్లోంచి తొందరగా పోతుంది. ఒక్కరోజు మానినా కొందరికి తేడా తెలుస్తుంది.

రెండు నెలలకు భార్య కమలతో వచ్చాడు.

"రెస్ట్ నాడు రాత్రయితే తలకాయల కరెంటు కొట్టినట్టయితది తమ్మీ. పిల్లలు నవ్వినా కోపమొస్తది. తెల్లారి డ్యూటీ చేసొస్తే మళ్ల మంచిగైత."

"ఆరు దినాలు మంచిగుంటడు. ఇంట్ల నా మొకం జూసిన్నాడే రోగం," అంది కమల. "పిల్లల్ని తీస్కొని గోండ్‌పిప్రి మా అమ్మోళ్ళింటికి పోత. బట్టలు సర్దుకునే వచ్చిన."

"సంచి బరువుందా వదినా?" అన్నాను. ఆమె సంచిని ఒళ్ళోకి లాక్కుంది.

డాక్టరు గారు డోసు పెంచబోతున్నారు. ఫైల్లో రాయాలి కదా అని అడిగాను.

"గోలీ ఎప్పుడేసుకుంటున్నవన్నా?"

"నువ్వు చెప్పినట్టే. డ్యూటీ దిగినంక."

"మరి రెస్ట్ నాడు?"

"రెస్ట్ నాడు డ్యూటీ ఏడిది?"

డాక్టరు గారు ఆనాడు చెప్పింది 'రోజూ సాయంత్రం ఒకటి' అని. గని మనిషికి సులువుగా ఉంటుందని దాన్ని 'డ్యూటీ దిగినంక ఒకటి' చేసింది నేను. బాగా చెప్పానని మురిసిపోయాను కూడా.

జరిగింది మరాఠీలో చెప్పాను. ఆయన నావైపు ఓసారి చూసి, డోసు అలాగే ఉంచి, 'రోజూ రాత్రి అన్నం తిన్నాక' అని రాశారు.

"రెస్ట్ నాడు గోలీ పడకనే ఇదంతా. తప్పు ఓదెలన్నది కాదు వదినా, నీది అసలే కాదు. నాది."

"రెండు నెలలు నా మొకమే మంచిది కాదనుకున్న తమ్మీ," అంది కమల.

చీటీలో 'రోజూ' కింద గీత గీసి ఆమె చేతికిచ్చాను.

మరుసటి నెల ఇద్దరూ సంచి లేకుండా వచ్చారు. రెస్ట్ నాడు పిల్లలతో చంద్రపూర్ తుకుం బజారుకు పోయారట.

ఇప్పుడు ఎవరికి మందు చెప్పినా, వాళ్ళతో తిరిగి చెప్పించుకుంటాను, సెలవు రోజుతో సహా. లైను పెరుగుతుంది, వెనకవాళ్ళు తిడతారు. తిట్టనీ.