మైకు ఆటోలో నా నవల

అయిపోయాయి! నా నవల కాపీలన్నీ అయిపోయాయి. ప్రెస్సులో ఒక్క కట్ట కూడా మిగల్లేదు. పొద్దున్నే ప్రెస్సు బాబాయిగారే ఫోన్ చేసి, "ఏవమ్మా, రెండో నవల రాసేశానన్నావు కదా, పట్టుకురా. పెళ్ళికార్డుల మధ్యలో ఎలాగోలా ఇరికిస్తాను" అన్నారు. ఈ మాట ముందు చెప్పేయకపోతే మిగతాది రాయలేను. చెప్పేశాను కాబట్టి ఇక నెమ్మదిగా మొదలుపెడతాను.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. బీఎస్సీ ఫిజిక్సు. మా అమ్మ నాట్లకి, కోతలకి వెళ్తుంది. నా సర్టిఫికెట్టుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తను చదవలేని బైబిల్లో దాచుకుంది. తణుకులో ఇంటర్ పిల్లలకి ట్యూషన్లు చెబుతూ ఒక సైన్స్ ఫిక్షన్ నవల రాశాను. సముద్రం తణుకు దాకా వచ్చేసిన కాలంలో, నీళ్ళ అడుగున వాళ్ళమ్మ నాట్లేసిన చేను ఎక్కడుందో వెతుక్కుంటూ, మాట్లాడే యంత్రంతో పడవలో తిరిగే అమ్మాయి కథ. పంపిన చోటల్లా తిరిగొచ్చింది. కొన్నిచోట్ల నుంచి తిరిగి కూడా రాలేదు. చివరికి నేనే అచ్చు వేయించుకున్నాను.

అచ్చు వేయించడమే కష్టమనుకున్నాను. అమ్మడం దాని తర్వాత వచ్చింది.

కట్టలన్నీ ప్రెస్సులోనే ఉండిపోయాయి. మాది రేకుల ఇల్లు, ఒకటే గది, వానకి మూడు మూలలా కారుతుంది. వేసవంతా ఓర్చుకున్న ప్రెస్సు బాబాయిగారు ఆషాఢం రాగానే నన్ను పిలిచారు.

"చూడమ్మా, శ్రావణంలో ముహూర్తాలు మొదలైతే నాకు కాలు పెట్టడానికి చోటుండదు. కార్డుల స్టాకు దిగుతుంది. అమావాస్య లోపు నీ కట్టలు తీసెయ్యి."

"ఎక్కడ పెట్టుకోనండీ? మా ఇల్లు మీరు చూశారు కదా."

"అందుకే చెబుతున్నాను. తియ్యకపోతే తూకానికి ఇచ్చేస్తాను. నాకూ బాధేనమ్మా. కానీ ఆ తర్వాత రెండో పుస్తకం అని మాత్రం నా గుమ్మం ఎక్కకు."

తూకానికి. ఆ మాట విన్నాక నేను సరిగ్గా అన్నం తినలేదు. సాయంత్రం బజ్జీల బండి దగ్గర నిలబడితే, బండాయన చింపే ప్రతి కాగితంలోనూ నా వాక్యాల కోసం వెతికేదాన్ని. ఎవరో తెలుగు వాచకంలో పొట్లం కట్టించుకుని వెళ్ళిపోతుంటే నాలుగడుగులు వెనకాలే నడిచేదాన్ని.

ప్రయత్నించలేదని కాదు. ఫేస్‌బుక్‌లో పేజీ పెట్టాను. "సూపర్ అక్కా" అని రాసిన వాళ్ళలో ఒక్కరూ కొనలేదు. వాట్సాప్ గ్రూపుల్లో కవరు బొమ్మ పెడితే, పొద్దున్నే వచ్చే శుభోదయం పూల కింద పడి కనిపించకుండా పోయేది. మా చర్చిలో ఆదివారం ప్రకటనలప్పుడు పాస్టరుగారు లేచి మన సంఘపు బిడ్డ పుస్తకం రాసిందని చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. ఆరాధన అయ్యాక చుట్టూ మూగారు.

"మాకో పుస్తకం ఇవ్వమ్మా, సంతకం పెట్టి."

"తప్పకుండానండి. వెల కవరు మీద ఉందండి."

"మా దగ్గర కూడానా?" అని ఒక పెద్దమ్మ నవ్వింది. మా వైపు అంతే. తెలిసినవాళ్ళ పుస్తకం కొనడమంటే వాళ్ళింట్లో భోంచేసి డబ్బిచ్చినట్టు ఉంటుంది. కాబట్టి నన్ను తెలిసినవాళ్ళు కొనరు. తెలియనివాళ్ళకి నేనే తెలియదు.

రాజమండ్రిలో ఒక పుస్తకాల షాపులో కొన్ని కాపీలు పెట్టి వచ్చాను. నెల తర్వాత వెళ్ళి చూస్తే ఎంట్రన్సు గైడ్లకీ వాస్తు పుస్తకాలకీ మధ్య ఇరుక్కుని ఉన్నాయి.

"కవరు మీద పడవుంది కదండి, చేపల పెంపకం అనుకున్నాడండి మా వాడు. ఒకాయన కొని మళ్ళీ తిరిగిచ్చేశాడు కూడా" అన్నాడు ఓనరు. ఆ కాపీలు సంచిలో వేసుకుని ప్యాసింజర్ ఎక్కాను. నిడదవోలు దాటాక పల్లీలమ్మే ఆయన వెనకాలే పెట్టెలో అటూ ఇటూ నడిచాను. కిటికీ పక్కనున్న కుర్రాడు ఒకటి తిరగేసి, "ఇందులో కరెంట్ అఫైర్స్ ఉన్నాయా అండి?" అని అడిగాడు. తణుకులో దిగేసరికి సంచి ఎంత బరువుగా ఎక్కించానో అంత బరువుగానే దించాను.

అమ్మ నన్ను చూసి చూసి, "పోనీ వదిలెయ్యవే. చదువుకున్నదానివి, ఏదైనా ఉద్యోగం చూసుకోకూడదా?" అంది. మళ్ళీ తనే, నాట్లకి వెళ్ళేటప్పుడు క్యారేజీ సంచిలో ఒక కాపీ పెట్టుకుని వెళ్ళేది, రైతుగారెవరైనా అడుగుతారేమోనని. ఎవరూ అడగలేదు. దాని అట్టకి బురద వేలిముద్రలు పడ్డాయి.

అమావాస్య ఇంకా మూడు వారాలుందనగా ఒక మధ్యాహ్నం మా సందులోకి మైకు ఆటో వచ్చింది. ఆషాఢం తగ్గింపు, చీరలు రండి రండి అని. జనం గుమ్మాల్లోకి వచ్చి మరీ విన్నారు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో వెనకాల పరిగెత్తాను.

"పుస్తకానికి మైకా అండి?" అన్నాడు ఆటో అన్నయ్య. "ఇప్పటిదాకా ఎవరూ కట్టించలేదండి. ఆయ్, చేసేద్దాం. రాసివ్వండి, నా గొంతుతోనే రికార్డు చేస్తాను. నా గొంతంటే గోదారి గట్టు పొడవునా తెలుసండి."

ఎందుకు తెలుసో నేను అడగలేదు. రాసిచ్చాను: 'సముద్రం తణుకు దాకా వచ్చేసింది! గోదావరి గట్లు మునిగిపోయాయి! మీ ఊరు ఏమైంది? మీ వాళ్ళు ఎక్కడున్నారు? తెలుసుకోవాలంటే ఈ నవల చదవండి!'

మర్నాడు ట్యూషన్ మధ్యలో ఫోను మోగింది.

"మేడంగారండీ, మీరోసారి రావాలండి."

"ఎక్కడికండీ?"

"సిద్ధాంతం ఊరవతల లంకకండి. మా అత్తారూరండి. మీకు ఉపకారంగా ఉంటుందని ఇక్కడ కూడా ఓ రౌండు ఊరికే వేసేనండి. నన్ను కూర్చోబెట్టేసేరండి."

"ఎవరు? ఎందుకు?"

"ఊరంతా గట్టు మీదుందండి. వరదొచ్చేసిందనుకున్నారండి."

"వరదొచ్చిందా?"

"లేదండి. మనమొచ్చేమండి."

బస్సులో కూర్చుని మళ్ళీ అతనికే ఫోన్ చేశాక నాకు విషయం అర్థమైంది. ఏటా గోదావరి పెరిగినప్పుడు నది మధ్య లంకల్లో జనాన్ని ఖాళీ చేయించడానికి రెవెన్యూవాళ్ళు పిలిచేది ఈ ఆటోనే. ఆ ఊళ్ళో అతని గొంతు వినిపించిందంటే నీళ్ళొస్తున్నాయని అర్థం. పైగా గోదావరిలోకి కొత్త వరద ఎర్రనీరు దిగిన రోజులు. మొదటి రెండు వాక్యాలు వినేసరికే మూటలు కట్టేశారు. నవల చదవండి అనే ముక్క వచ్చేసరికి ఆటో మలుపు తిరిగిపోయి ఉంటుంది. దాన్ని కొబ్బరిచెట్లు విన్నాయి.

గట్టు మీదకి ఎక్కాను. మంచాలు, బియ్యం డబ్బాలు, గ్యాసు బండలు, మేకలు. టీవీని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్న ఒక పెద్దావిడ. కింద గోదావరి తన దారిన తను పోతోంది.

"ఈవిడేనా?" అన్నారెవరో.

"ఏవమ్మోయ్, పుస్తకాలమ్ముకోడానికి మా చేత మేకల్ని మోయిస్తావా?"

"చూలు గేదెని లాక్కొచ్చేను. దానికేవన్నా అయితే నీ పుస్తకం పాలిస్తదా?"

"చదువుకున్న పిల్లలా ఉన్నావు, ఇదేం బుద్ధి?"

ఆ ఆఖరి మాటకి ఏడుపు ఆగలేదు. వీఆర్వోగారు కూడా వచ్చి ఉన్నారు. కేసు అవుతుందన్నారు. వరద పేరుతో ఆటలేంటన్నారు. నేను చేతులు జోడించి నిలబడ్డాను. పుస్తకాలు తూకానికి పోయినా పోనీ, కేసు పడితే మా అమ్మ బైబిల్లోంచి ఆ సర్టిఫికెట్టు కవరు తీసి చూసుకోగలదా అని, అదొక్కటే మెదులుతోంది.

టీవీ పెద్దావిడే తేల్చింది. "కేసెందుకు బాబుగారూ. ఎక్కించింది వాళ్ళే కదా. ఈ పిల్లా, మా అల్లుడూ కలిసి అందరి సామానూ దింపాలి. అదే వాళ్ళ తప్పుకి జరిమానా." ఆటో అన్నయ్య ఆవిడ అల్లుడే. అతని మొహం చూడాలి.

మోశాం. ముందు ఆ టీవీ. ఇంటి దాకా వెనకాలే వస్తూ ఆవిడ అడిగింది. "ఇంతకీ ఆ సముద్రం ఎందుకొచ్చింది?"

రొప్పుతూనే చెప్పాను. మంచు కరగడం, గట్లు తెగడం, పడవలో అమ్మాయి. గుమ్మంలో టీవీ దించేసరికి అమ్మాయి యంత్రాన్ని సంపాదించింది. ఆవిడ నన్ను వదల్లేదు. పక్కింటి బియ్యం డబ్బా మోస్తుంటే మళ్ళీ వెనకే వచ్చింది. ఆ ఇంటావిడకి ముందు కథ తనే చెప్పేసి, "ఇక్కడ్నించి నువ్వు చెప్పు" అంది. మూడో ఇంటికి వచ్చేసరికి వెనకాల చిన్న గుంపు. చూలు గేదె వాళ్ళింటి దగ్గర యంత్రం మొదటిసారి మాట్లాడింది. గేదె ఓనరు కోపంగానే విన్నాడు. కానీ విన్నాడు. యంత్రం నీళ్ళలో పడి మూగబోయే చోటికి వచ్చేసరికి సామాను అయిపోయింది, నా గొంతూ అయిపోయింది. తణుకు బస్సు హారన్ కొడుతోంది.

"తర్వాత?" అంది పెద్దావిడ.

"బస్సండీ" అని పరిగెత్తాను.

ఇంటికొచ్చి పడుకుని, ఇక చాలు అనుకున్నాను. రెండో నవల కాగితాలు మంచం కిందకి తోసేశాను. అమ్మ నా భుజాలకి కొబ్బరినూనె రాసింది. అంత చెడ్డ రోజు నా జీవితంలో లేదు. ఇక ప్రెస్సు వైపు వెళ్ళకుండా ఉంటే చాలు, తూకం వేసేటప్పుడు చూడకుండా ఉంటే చాలు అనిపించింది.

రెండు రోజులకి ఒక కువైట్ నంబరు నుంచి ఫోను. అక్కడ ఇళ్ళల్లో పనికి వెళ్ళిన అమ్మాయి, పెద్దావిడ చిన్నకూతురు.

"అక్కా, మా అమ్మ ఫోన్లో సగం కథ చెప్పిందక్కా. ఆ యంత్రం మూగబోయిందాకా. తర్వాతేమైందే అంటే, ఏమో, ఆ పిల్లకి బస్సు టైమైపోయింది అంటంది. ఏమైందక్కా?"

నేను చెప్పబోయాను.

"వద్దొద్దు, చెప్పకు. నేను మా రూంలో వాళ్ళకి చెప్పేశాను, వాళ్ళు నన్ను చంపేస్తున్నారు. పుస్తకం పంపు. మా అమ్మ ఆవకాయ పార్సిలు కడతంది, అందులో పెట్టించు. ఎన్ని పడితే అన్ని."

ఆవకాయ సీసాలకీ ఎండు రొయ్యల పొట్లాలకీ మధ్య నా నవల కువైట్ వెళ్ళింది. అక్కడివాళ్ళు తమ ఊళ్ళకి ఫోన్ చేసి, మీరూ కొనండి అన్నారు. పక్క లంకలకి సగం కథ ముందే చేరిపోయి ఉంది, పెద్దావిడ నోటివెంట. మిగతా సగం కోసం జనం ఆటో అన్నయ్యకే ఫోన్లు చేశారు. అతను మైకు ఆపేసి, వెనక సీట్లో కట్టలు వేసుకుని, గట్టు వెంట తిరిగాడు. వాళ్ళెవరూ నాకు తెలిసినవాళ్ళు కారు. వెల ఎంతని అడిగి కొన్నారు. నిన్న ఆఖరి కట్ట కూడా ఎత్తుకుపోయాడు. రేపే అమావాస్య.

ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్ళు:

ఆటో అన్నయ్యకి. రెండో పుస్తకానికి మైకు వద్దని ఇప్పుడే చెప్పేయాలి.

టీవీ పెద్దావిడకి. యంత్రం మళ్ళీ మాట్లాడిందో లేదో ఎవరిచేతనైనా చదివించుకుందా అని కనుక్కోవాలి.

కువైట్ చెల్లికి. శుక్రవారమే సెలవు, అప్పటిదాకా ఆగాలి.

గేదె ఆయనకి. గేదె ఈనిందట, దూడ ఎలా ఉందో అడగాలి.

వీఆర్వోగారికి. భయమేస్తోంది, కానీ ఆయనా ఒక కాపీ తెప్పించుకున్నారట.

రాజమండ్రి షాపు ఓనరుకి. ఇప్పుడు అడిగితే ఇవ్వడానికి లేవని చెప్పడానికి.

పాస్టరుగారికి.

అమ్మకి. నాట్లలో ఉంది. ఫోను క్యారేజీ సంచిలో ఉంటుంది, మోగినా వినపడదు. అన్నాలకి ఒడ్డుకి వచ్చేవరకూ చేస్తూనే ఉండాలి.