బలం మందు

మా అత్తమ్మ నా ఇన్సులిన్ తాగేసింది. ఈ మాట ఇప్పుడు రాయగలుగుతున్నాను గాని, ఆ రోజు ఇంత సూటిగా చెప్పలేకపోయాను.

పెళ్లైన మరుసటి ఏడాదే నాకు షుగర్ బయటపడింది. మాత్రలకు లొంగే రకం కాదు, జీవితాంతం సూదే దిక్కు అన్నారు. మావారు భూపాలపల్లి బొగ్గు గనిలో పనిచేస్తారు, వారానికోసారి గార్లకు వస్తారు. దవాఖాన మెట్లు దిగుతూనే ఆయన నాతో అన్నారు: "అవ్వకు చెప్పకు. ఊరంత ఎరుకైతది." అత్తమ్మకు తెలియకపోవడమే నాకూ కావలసింది. మానుకోటలో పిల్లలకు జీవశాస్త్రం చెప్పే మనిషివి, రోగం దాచుకోవడమేమిటని మీరు అడగొచ్చు. ఇంకా కడుపు పండని కోడలికి సూది కూడా తోడైతే మా వాడకట్టు ఆడవాళ్లు ఏమంటారో మీకు తెలియదు. నాకు తెలుసు. వేరే ఇంటి కోడళ్ల గురించి వాళ్లు అంటుంటే పక్కన కూర్చుని నవ్విన దాన్నే నేను.

మందు సీసాను చిన్న స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్ తలుపు అరలో దాచేదాన్ని. నాది తెల్లటి మందు. కదలకుండా ఉంచితే పొడి అడుగుకు దిగిపోతుంది. వేసుకునే ముందు సీసాను రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి కలుపుకోవాలి. గట్టిగా ఊపితే పాడవుతుంది. ఒక రోజు అలా దొర్లిస్తుంటే అత్తమ్మ చూసింది.

"గదేంది బిడ్డా, పాల లెక్కున్నది?"

"బలం మందు అత్తమ్మా. డాక్టర్ రాసిండు."

మా దగ్గర బలం సూది అంటే ఎవరూ రెండో ప్రశ్న వేయరు. జ్వరం వచ్చి తగ్గినా, నాట్లేసి నడుము పడిపోయినా ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి ఒక బలం సూది వేయించుకుంటేనే మనిషి కోలుకున్నట్టు. అత్తమ్మకు మాత్రం సూదంటే చచ్చేంత భయం. నా అబద్ధం అంత సులువుగా అతికినందుకు ఆ రోజు నాకు గర్వంగా కూడా అనిపించింది.

ఆ ఏడు మిరపకాయ ఏరడానికి పోయి పోయి ఆమె బాగా నీరసించింది. ఒక సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి నా సీసా శుభ్రంగా కడిగి, గిన్నెల పక్కన బోర్లించి ఉంది. పైనుండే రేకు మూతను కత్తితో పెకలించినట్టుంది.

"అత్తమ్మా, ఈ సీసల మందేది?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "జర తాగిన బిడ్డా. గిప్పుడే పాలల్ల పోసుకున్న. దవాఖాన వాసనొచ్చింది. కాళ్లు గుంజుతున్నయి, రేపు మల్ల ఏరవోవాలె. సూదంటే నాకు భయమాయె. ఏడికెల్లి పోతేంది, పోయేది ఒంట్లకే గద."

షుగర్ లేని మనిషికి అంత మందు పడితే ప్రాణానికే ముప్పు. వెంటనే ఆటో పిలిచి ఎక్కించాను. దారి పొడుగునా ఆమె నోట్లో చక్కెర పోస్తూనే ఉన్నాను. ఎందుకో చెప్పలేదు. "నీ మందు ఒడగొట్టిన, ఏమనుకోకు బిడ్డా," అని ఆమె నా చెయ్యి పట్టుకుంది.

డాక్టర్ గది తలుపు తీసే ఉంది. బయట బెంచీ మీద కూర్చున్న వాళ్లలో సగం మంది మా వాడకట్టు వాళ్లే.

"ఏం తాగింది?" డాక్టర్ అడిగాడు.

"ఇన్సులిన్ సార్."

"ఎవరిది?"

బెంచీ మీద మాటలు ఆగిపోయాయి. "ఆమెదే సార్," అన్నాను.

చచ్చిపోతుందేమోనని నేను భయపడుతున్న మనిషి గురించి, ఆమెను కాపాడవలసిన డాక్టర్‌తోనే అబద్ధమాడాను. అత్తమ్మ నా ముఖంలోకి చూసింది. తరువాత బెంచీ వైపు చూసింది. ఆమెకు ఎంత అర్థమైందో గాని, "అవు సారూ, నాదే," అంది.

వేలు గుచ్చి చూస్తే షుగర్ కొంచెం ఎక్కువే ఉంది, నేను పోసిన చక్కెర వల్ల. డాక్టర్ నవ్వాడు. "భయపడకు అవ్వా. ఈ మందు నోటితోని తీసుకుంటే పనిచేయదు. ఇది ప్రోటీన్. కడుపుల పడంగనే కోడిగుడ్డు అరిగినట్టు అరిగిపోతది. గోలీ లెక్క మింగేటట్టు చేయాలని ఎంతోమంది తిప్పలు పడుతున్నరు, ఇంకా మన చేతికి రాలే. అందుకే సూది." ఎందుకైనా మంచిదని కాసేపు కూర్చోబెట్టి, మళ్లీ చూసి పంపాడు. ప్రోటీన్లు జీర్ణాశయంలో ఎలా ముక్కలవుతాయో ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే దాన్ని నేను. సిగ్గేసింది. కాని అది చిన్న సిగ్గు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆమె మెల్లగా అడిగింది. "ఎన్నొద్దుల సంది బిడ్డా?"

చెప్పాను.

"వానికెరుకేనా?"

"ఎరుకే."

"నాకే ఎరుక లేదన్నట్టు," అని బయటకు చూస్తూ కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికి వచ్చాక, నిజం నేనే అందరికీ చెప్పేస్తానన్నాను. ఆమె వద్దంది. "ముసల్దాన్ని, నన్నెవలేమంటరు? నువ్వు ఊకో." నేను ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు హాయిగానే ఉంది, అదే ఇప్పటికీ నన్ను తినేస్తున్నది. వాడకట్టు అంతా ఆమెకు షుగర్ అనుకుంటోంది. పెళ్లి విందుల్లో లడ్డూ పక్కకు జరిపేస్తుంది, కొసరి వడ్డించే వాళ్లకు చెయ్యి అడ్డం పెడుతుంది. తీపి అంటే ప్రాణమిచ్చే మనిషి.

మొన్న ఆమెతో కలిసి నేనూ పక్కింటికి పోయాను. ఆ ఇంటావిడ చాయ్ పెట్టబోతుంటే అత్తమ్మ అంది: "నాకు చక్కెర ఎయ్యకు. నా కోడలుకు గూడ ఒద్దు. నేను తాగుత లేనని ఆమె గూడ బంద్ వెట్టింది."

పక్కింటావిడ వంటింట్లో ఉన్న తన కోడలిని కేకేసింది. "ఇన్నవా? అత్త కోసం చక్కెర మానుకున్నదట. జర చూసి నేర్చుకో."

ఆ పిల్ల గడపలోకి వచ్చి నావంక భక్తిగా చూసింది. అత్తమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి ఉంచింది. నేను తల వంచుకుని చాయ్ తాగాను.