గొంతు లేని ఆట

ఆఫీసుకు బయలుదేరే ముందు మొహానికి సన్‌స్క్రీన్ రాసుకున్నానంటే చాలు, బెంగళూరు ఫ్లాటులో అద్దం ముందు నిలబడ్డ నేను హోసూరులో మా పెద్దమ్మ గోడౌనులోకి వెళ్ళిపోతాను. ఆ ట్యూబులో ఉన్నది జింక్ ఆక్సైడేనట. పెద్దమ్మ కూడా నాటకం రోజు తెల్లటి జింకు పొడిని కొబ్బరినూనెలో వేసి, స్టీలు పళ్ళెంలో వేలితో మెదిపి మెదిపి, వెన్నలా అయ్యాక పిల్లలకు పూసేది. మొహాలకు కాదు, చేతులకు. వేళ్ళ కొసల నుంచి మణికట్టు దాకా పూసి, పైన పౌడరు అద్ది, తెర లేచేదాకా దేన్నీ ముట్టుకోకూడదని చేతులు గాల్లో పెట్టించి వరసగా కూర్చోబెట్టేది. ఆఖరి వరసలో ఉన్నవాళ్ళకు కూడా చేతులు కనబడాలి, ఎందుకంటే ఆ నాటకాల్లో మాట్లాడేవి అవే.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. ఏడేళ్ళప్పుడు జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. అప్పటిదాకా నేర్చుకున్న మాటలు మాత్రం పోలేదు. తల నెరిసి, కళ్ళజోడు పెట్టుకున్న ఆవిడ నోటి నుంచి ఏడేళ్ళ పిల్ల మాటలే వచ్చేవి, ఒక్కోసారి వీధి చివరిదాకా వినబడేంత గట్టిగా, ఒక్కోసారి గుసగుసలా. ఎక్కడో దూరపు ఊళ్ళో చెవిటి పిల్లల బడిలో చదివి, చేతుల భాషా నాటకమూ అక్కడే నేర్చుకుని, తిరిగి వచ్చి మా వాళ్ళ అంగడి వెనక గోడౌనులో పిల్లలను పోగుచేసింది. జూజువాడి చెక్‌పోస్టు దగ్గర పంచరు అంగడి అతని కొడుకు, కెలవరపల్లి నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్ళు, డెంకణికోట అవతల అడవి పక్క పల్లె నుంచి రాగి పండించేవాళ్ళ అమ్మాయి మునిరత్న. వీళ్ళెవరికీ చెవులు వినబడవు. ఊళ్ళో అందరికీ పెద్దమ్మ టీచరమ్మ.

వేసవి సెలవులు రాగానే అమ్మ నన్ను హోసూరు బస్సెక్కించేది. సెలవులకని పేరే గానీ, నా కోపం భరించలేకేనని నా అనుమానం. పొద్దున్నే రాగిముద్ద, ఉప్పుసారు, మధ్యాహ్నం మామిడికాయ చిత్రాన్నం, ఎవరైనా చుట్టాలు వస్తే ఒబ్బట్లు. కడుపు నిండాక గోడౌనులోకి పరుగు. అక్కడ చింతపండు బుట్టలు, ఎండుమిరపకాయల బస్తాలు, బెల్లం దిమ్మల మీద ముసిరే ఈగలు, వాటి మధ్య ఖాళీ చేసిన చోట పాత కొయ్య పలకల నేల. పెద్దమ్మ మడమతో ఒక్కసారి తడితే ఆ అదురు పలకల మీదుగా పాకి అందరి పాదాలకూ అందేది, అందరూ ఒకేసారి తిరిగి చూసేవాళ్ళు. ఊళ్ళకు కూడా వాళ్ళు చేతులతో పేర్లు పెట్టుకున్నారు. మోచేయి పైకి లేపితే చెక్‌పోస్టు కొయ్య లేచినట్టు, అది జూజువాడి. వేళ్ళు నురగలా పొంగిస్తే కెలవరపల్లి డ్యాము. మొహం ముందు చేయి తొండంలా ఊగిందంటే ఏనుగులు తిరిగే డెంకణికోట.

గోడౌను గడప దాటితే నోరు బయటే వదలాలి. అది పెద్దమ్మ చట్టం, వినబడేవాళ్ళకు కూడా. నేనేమో వాగుడుకాయను. ఎంత మెల్లగా గొణిగినా ఆవిడకు దొరికిపోయేదాన్ని.

"గొంతు ఆడతా ఉండాది. ఏమి మాట్లాడినావు?"

ఏమీ లేదని తల ఊపితే, "అబద్దం చెప్పేకి తల ఊపితే చాలు గదా, ఏదీ, చేతులతో చెప్పు" అని మళ్ళీ అడిగేది. చేతులతో అబద్ధం చెప్పడం ఎంత కష్టమో నాకు అక్కడే తెలిసింది. పెద్దయ్యాక నా చేతిలో ఫోను మొలిచింది. అది పట్టుకుని ఒంటి చేత్తో మాట్లాడుతుంటే పెద్దమ్మ నవ్వి పిల్లలతో, ఈ పిల్లకు నత్తి వచ్చింది చూడండి అని సైగ చేసేది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఫోను మాత్రం కింద పెట్టేదాన్ని.

నాటకాల్లో నాకిచ్చిన పని గొంతు. వేదిక పక్కన కుర్చీలో మైకు పట్టుకుని, వాళ్ళ చేతులు చెప్పేది చూసేవాళ్ళకు తెలుగులోనూ తమిళంలోనూ చెప్పాలి. మామిడిపండ్ల కాలంలో కృష్ణగిరికి వ్యానులో పోయేవాళ్ళం. దారి పొడుగునా బెంగుళూరా, సేందూర మామిడికాయలు నింపిన బుట్టలు, ఎండుగడ్డి వాసన, వ్యాను కిటికీలోంచి చేతులు బయటపెట్టి ఎదురు వ్యానులో ఎవరైనా మనవాళ్ళున్నారేమోనని సైగలు చేసే పిల్లలు. ఒకసారి అక్కడ రాగిచేలో పడ్డ ఏనుగు కథ ఆడారు. అంతమంది పిల్లలు కలిసి ఒక ఏనుగయ్యారు, మునిరత్న తొండం. తెల్లటి చేతులు నాలుగువైపులా ఊగుతుంటే నేను మైకులో చెప్పుకుంటూ పోయాను. ఆట అయ్యాక ముందు వరస పెద్దమనుషులు నన్ను పిలిచి తల నిమిరారు.

"ఏమి గొంతు పాపా నీది. ఏనుగు కండ్ల ముందరికే వచ్చేసినాది."

ఏనుగు నిజంగానే వాళ్ళ కళ్ళ ముందు ఉండింది. వాళ్ళు నా మైకు వైపు చూస్తూ కూర్చున్నారు.

తిరుగు దారిలో పెద్దమ్మ కొబ్బరినూనె గుడ్డతో పిల్లల చేతులు తుడుస్తూ, నా వైపు చూడకుండానే అంది. "జనం నిన్ను చూసినారు. మమ్మల్ని చూడలేదు. ఒక దినం గొంతు లేకుండా ఆడతాము. వాళ్ళకు చూసేది నేర్పించల్ల."

ఆ ఒక్క ఆట కోసం ఆవిడ ఏటా అడిగింది. పిలిచినవాళ్ళంతా ఒకటే చెప్పారు, జనానికి అర్థం కాదమ్మా, ఆ పాపను మైకుతో కూర్చోబెట్టండి అని. ఇంట్లో కూడా అంతే. అంగడి చూసుకునే మా మామ, పెద్దమ్మ కంటే రెండేళ్ళు చిన్న, అక్కతో ఏదైనా చెప్పాలంటే మొహం దగ్గరికి వచ్చి పెదాలు సాగదీసి అరిచేవాడు. "నాకు ఈ చేతుల బాస రాదప్పా, పాపా నువ్వే చెప్పు" అనేవాడు. ఆ గొంతు లేని ఆట ఆడకుండానే, మొన్న వానాకాలంలో, పెద్దమ్మ నిద్రలో పోయింది.

కుటుంబం వాట్సాప్ గ్రూపు నిండా దీపం బొమ్మలు. ఎవరో 'చెవుడును జయించిన మహిళ' అని పెట్టారు. 'ఆమె దేన్నీ జయించలేదు, పాఠం చెప్పింది' అని రాసి గ్రూపులోంచి బయటికొచ్చాను. అమ్మ ఫోన్ చేసింది. "చావింట్లో అలిగితే ఎట్లమ్మా, మళ్ళీ చేరు. మామ సమారాధనకు నీకు మైకు కూడా చెప్పి పెట్టినాడు."

వైకుంఠ సమారాధన రోజు కల్యాణ మండపంలో ఉపన్యాసాలయ్యాయి. ప్రతివాడూ పాపం అన్నాడు. పెద్దమ్మ దగ్గర నేర్చుకున్న పిల్లలు, ఇప్పుడు పెద్దవాళ్ళు, ఒక పక్కగా కూర్చుని ఆ కదిలే పెదాలను చూస్తున్నారు. తర్వాత వాళ్ళ ఆట. నేను కుర్చీలో కూర్చుని మైకు తీసుకోగానే, ఇప్పుడు ఫ్యాక్టరీలో పనిచేస్తూ పిల్లలకు నాటకం నేర్పుతున్న మునిరత్న వచ్చి దాని స్విచ్చి ఆపేసింది. తెల్ల రంగు వేసిన చేతులతో చెప్పింది: ఈరోజు నువ్వు కూడా చూడు.

ఆట మొదలైంది. జ్వరం తగ్గిన చిన్నపిల్ల అంగడి మెట్టు మీద కూర్చుని ఉంటుంది. వాన పడుతుంది, ఆమెకు వినబడదు. వెనకనుంచి కుర్చీలు జరిగాయి.

"ఏమి చెప్తా ఉండారు వీళ్ళు?"

"పాపా, మైకు తీస్కోమ్మా. ఊరికే కూసున్నావేమి?"

ముందు వరసలోంచి మామ కూడా తిరిగాడు. "జనానికి అర్థం కావద్దా పాపా?"

"కళ్ళున్నాయి కదా మామా, చూడు" అన్నాను. అంత మందిలో అలా అనకూడదు. అమ్మ నా మోచేయి గిల్లింది. ఇంకొక్కరు అడిగితే అందరూ లేచి భోజనాలకు పోతారని, పెద్దమ్మ కోరిక అక్కడితో సరి అని నాకు తెలుస్తూనే ఉంది.

వేదిక మీద తమ్ముడి వేషం వేసిన కుర్రాడు వచ్చాడు. అక్కను పిలవాలి. చెవిటివాళ్ళు మామూలుగా పిలిచినట్టే గాల్లో చేయి ఊపాడు.

"అట్ల కాదప్పా" అంటూ మామ లేచాడు.

ఆట ఆపించడానికే అనుకున్నాను. చెప్పులు విడిచి వేదిక ఎక్కి, పెద్దమ్మ వేషంలో ఉన్న పిల్ల ముందు గొంతుకూర్చున్నాడు. బొటనవేలు తన ఎడమ బుగ్గకు ఆనించి తిప్పాడు, చిన్నపిల్లలకు దిష్టిచుక్క పెట్టినట్టు. అక్కను పిలిచే పేరు అదేనని నాకు తోచింది. తర్వాత చేతులు వాటంతట అవే కదిలాయి. అరచేయి చూరులా వంగింది, వేళ్ళు దాని కింద పరుగెత్తాయి, పిడికిలి గడ్డం దగ్గర రెండుసార్లు తట్టింది, కళ్ళు పక్కకు తిరిగి ఎవరో వస్తున్నారని భయపడ్డాయి, మళ్ళీ నవ్వాయి. అరవై దాటిన మనిషి చేతుల్లో అంత చురుకు నేనెప్పుడూ చూడలేదు. మునిరత్న వైపు చూశాను. ఆమెకూ అర్థం కావడం లేదు. అది బడిలో నేర్పే భాష కాదు. ఆ మండపంలో వినబడేవాళ్ళకూ తెలియదు, వినబడనివాళ్ళకూ తెలియదు. అందరమూ ఊరికే చూస్తున్నాం.

మామ చేతులు ఆగాయి. ఎదుటి పిల్ల బదులు చెప్పాలని ఎదురుచూశాడు. ఆ పిల్ల ఏం చేయాలో తెలియక మునిరత్న వైపు చూసింది. మామ తువ్వాలుతో మొహం తుడుచుకుని దిగి వచ్చాడు. ఆ తర్వాత చివరిదాకా ఎవరూ మైకు అడగలేదు.

మొన్న హోసూరు వెళ్ళాను. గోడౌను ఇప్పుడు కొరియరు పెట్టెలకు బాడుగకిచ్చారు, కొయ్య పలకలు తీసేసి టైల్స్ వేశారు. మునిరత్న పిల్లలకు నాటకం నేర్పేది వాళ్ళ ఊరి కమ్యూనిటీ హాల్లో. కొత్త పిల్లలు ఊళ్ళ పేర్లకు సైగలు ఫోనులో చూసి నేర్చుకుంటున్నారు. డెంకణికోటకు తొండం లేదు. మామ అంగడిలో తక్కెడ ముందు కూర్చుని ఉన్నాడు.

"ఆ సైగలు యాడ నేర్చుకున్నావు మామా?"

"యాడ నేర్చుకునేది. జరం వచ్చినాక అక్కకు నా మాట వినబడలేదు. నాకు ఐదేండ్లు. ఇద్దరమూ చేసుకున్నాము, ఈడనే, బస్తాల వెనకాల. బజార్లో చేతులు ఊపొద్దని మా నాయన కొట్టినాడు. ఆమె బడికి పోయి వేరే బాస నేర్చుకొని వచ్చినాది. నాకు సిగ్గయిపోయినాది, మానేసినాను."

"ఇంకా ఏమేమి ఉండాయి? చూపించు, నేను దాచి పెడతా" అని ఫోను తీసి ఎదురుగా పట్టుకున్నాను.

మామ చేతులు ఎత్తాడు. దిష్టిచుక్క పెట్టాడు. ఇంకొక సైగ చేసి ఆగాడు.

"చెప్పు మామా."

"నువ్వు బదులు చెప్తే గదమ్మా, నాకు తర్వాతది వచ్చేది."

ఆ బదులు పెద్దమ్మకు ఒక్కదానికే తెలుసు. ఎవరో వచ్చి పావుకిలో చింతపండు అడిగారు. ఫోను రికార్డు చేస్తూనే ఉంది. అందులో మామ చేతులు, తక్కెడ పైన, తెరుచుకుని, ఇంకా అడుగుతున్నాయి.