గాలి లెక్కకు జవాబు చెప్పిన కామేశ్వరరావు గారు

కామేశ్వరరావు గారు ఇక లేరన్న వార్త మొన్న గురువారం ఉదయం ఫ్యాక్టరీ గేటు దగ్గర నా చెవిన పడింది. సంగారెడ్డి బస్సు దిగి రోడ్డు దాటుతున్నాను. వాచ్‌మన్ ఎదురొచ్చి, "రావుసారు పోయిండట సారూ. పొద్దుగాల తానం చేసి కుర్సీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు" అన్నాడు. "ఏం మాట్లాడుతున్నవ్‌ర!" అని వాడి మీద మండిపడ్డాను. ముందురోజు సాయంత్రం నాతో కలిసి చాయ్ తాగిన మనిషి! అక్కడే బల్ల మీద కూలబడ్డాను. నిర్మలచిత్తుడు, సత్యసంధుడు, అంతకు మించి మహా మొండివాడు అయిన ఆ మనీషి నా ఆప్తమిత్రుడని రాయడానికి నేడు నా కలం సంకోచించదు. ఒకప్పుడు ఆ మాట ఎవరైనా అని ఉంటే వాళ్లతో తగువు పెట్టుకునేవాణ్ణి.

పటాన్‌చెరులోని మా ఫ్యాక్టరీ కార్ల ఇంజన్లు బిగిస్తుంది. బిగించే విభాగం నాది. బిగించిన ఇంజన్ను డైనమోమీటరుకు తగిలించి ఎన్ని హార్స్‌పవర్ ఇస్తుందో కొలిచే టెస్ట్ హౌస్ ఆయనది. ఆ డైనమోమీటరునే మేం బ్రేకు అంటాం. అంటే మా ఫిట్టర్ల చేతిపనికి మార్కులు వేసే అధికారం ఆయన చేతిలో ఉండేది. ఇక తగువు రాక ఏమవుతుంది? పైగా ఆయన గోదావరి జిల్లా నుంచి వచ్చినవారు, నేను ఈ నేలవాణ్ణి. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం చల్లారి ఎంతో కాలం కాలేదు. నోరు తెరిస్తే చాలు, యాసను బట్టి మనిషి ఎటువైపో తేల్చేసే రోజులవి.

"ఇంజను పెట్రోలు తాగుతుందని అందరికీ తెలుసండీ. దానికి గాలి కూడా కావాలని గుర్తుపెట్టుకునేదెవరు?" అనేవారాయన. మనది సముద్రమట్టానికి బాగా ఎత్తైన నేల. ఇక్కడ గాలి పలచన. ఎండాకాలం ఇంకా పలచన. అందుకే అదే ఇంజను సముద్రపొడ్డున జోరుగానూ ఇక్కడ కాస్త నీరసంగానూ లాగుతుంది. అది ఇంజను లోపం కాదు. ఆనాటి గాలి పీడనమూ వేడిమీ చూసి, ప్రామాణికమైన గాలిలో అయితే ఎంత బలం ఇచ్చేదో చెప్పడానికి కొలిచిన అంకెను ఒక గుణకంతో హెచ్చవేస్తారు. దాన్నే ఫ్యాక్టర్ అంటారు. "అది వేయకుండా రెండు ఊళ్ల అంకెలు పోల్చడమంటే, ఒకడి నెత్తిన బియ్యం మూట పెట్టి ఇంకొకణ్ణి ఉత్తచేతులతో పరిగెత్తమనడమే" అనేవారు.

అంత తెలిసిన మనిషే అందులో బోల్తా పడ్డారు.

ఒక వేసవిలో టెస్ట్ హౌస్‌కు సున్నం వేస్తుంటే గోడనున్న, గాలి పీడనం కొలిచే పాదరసపు బారోమీటరు కిందపడి పగిలింది. కొత్తది వచ్చేదాకా రోజూ పొద్దున నగరంలోని వాతావరణం వాళ్లకు ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన పీడనంతోనే ఫ్యాక్టర్ కట్టసాగారు. అప్పటినుంచి మా ఇంజన్లు డీలా పడ్డాయి. సముద్రతీరాన ఉన్న మా పెద్ద ఫ్యాక్టరీలో యాభై హార్స్‌పవర్ ఇచ్చే ఇంజను మా దగ్గర ఫ్యాక్టర్ వేశాక కూడా నలభై ఏడు దాటలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే రుద్రారం మల్లేశం మా హెడ్ ఫిట్టరయ్యాడు. దాంతో అందరి చూపులూ అతని మీదే పడ్డాయి. బిగింపు బాగాలేదని పైనుంచి తాఖీదు వచ్చింది. మల్లేశాన్ని సస్పెండ్ చేసి విచారణ మొదలుపెట్టారు.

నేను అగ్గిమీద గుగ్గిలమై టెస్ట్ హౌస్‌లోకి వెళ్లాను. "ఏంది సార్ గిది? నిన్నటిదాంక మంచిగున్న చేతులు గిప్పుడు పాడైనయా? మీరు కావాల్నని తక్కువ రాస్తున్నరని ఫ్యాక్టరీ అంత అనుకుంటున్నరు."

ఆయన ముఖం కందిపోయింది. "బ్రేకు చూపించిందే రాస్తున్నాను యాదగిరి గారూ. నా లెక్క మీద నాకు అనుమానం లేదు. వచ్చిన రోజున మీకంటే ముందు నేనే చెబుతాను."

"అయితే సముద్రం కాడి ఇంజనొకటి తెప్పియ్యుండ్రి. మన బ్రేకు మీదనే ఎక్కిద్దాం."

"తెప్పిద్దాం. ఎవరిది తప్పో తేలిపోతుంది."

ఆ ఇంజను వచ్చిన రోజుకు మల్లేశం బర్తరఫ్ ఉత్తర్వు టైపై మేనేజరు గారి బల్ల మీద ఉంది. గేటు బయట కార్మికులు గుమిగూడి కామేశ్వరరావు గారి పేరెత్తి తిడుతున్నారు. లోపల ఇంజను హోరుకు నేల అదురుతోంది. కొలిచారు, ఫ్యాక్టర్ వేశారు. నలభై ఏడే!

బ్రేకే చెడిందన్నారు మేనేజరు గారు. తూనిక రాళ్లు వేలాడదీసి పరీక్షించాం. బ్రేకు నిక్షేపంగా ఉంది. కామేశ్వరరావు గారు ఆ అంకెల వంక చూస్తూ ఉండిపోయి, ఉన్నట్టుండి లేచి ఫోన్ అందుకున్నారు. "రోజూ మీరు చెప్పే పీడనం ఇక్కడి గాలిదేనా, లేక సముద్రమట్టానికి సరిచేసిన అంకా?" అని అడిగారు. జవాబు నాకు వినపడలేదు గానీ, ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఊళ్లను పటం మీద పోల్చడానికి, ప్రతి ఊరూ సముద్రమట్టాన ఉన్నట్టు లెక్కగట్టి చెప్పడం వాతావరణం వాళ్ల పద్ధతి. వాళ్ల పనికి అదే సరైనది. కానీ దానివల్ల మా పలచని గాలి లెక్కలో చిక్కని గాలైపోయింది. ఫ్యాక్టర్ చేయవలసిన మేలు చేయలేదు. మల్లేశం బిగించిన ఇంజన్లన్నీ పుష్టిగానే ఉన్నాయి.

మేనేజరు గారు తలుపు వేసి, "బ్రేకు చెడిందని రాసేయండి రావుగారూ. యంత్రమన్నాక చెడుతుంది. మీ ప్రమోషన్ పాడుచేసుకోకండి" అన్నారు.

"అలా రాస్తే రేపు బ్రేకు చూసే మెకానిక్ మెడకు చుట్టుకుంటుందండీ. నేను అడగాల్సిన మాట అడగలేదు. తప్పు నాది" అని తలుపు తీసుకుని నేరుగా గేటు దగ్గరికి నడిచారు. అక్కడివాళ్లు కొడతారేమోనని వెనకాలే పరుగెత్తాను.

"మల్లేశం పనిలో ఏ లోపమూ లేదు. గాలి లెక్క నేను తప్పు కట్టాను. అతణ్ణి అవమానించింది నా అంకె" అన్నారాయన అందరికీ వినపడేలా. తిట్లు ఆగిపోయాయి. జనాన్ని తోసుకుంటూ మల్లేశం ముందుకొచ్చాడు. చెయ్యెత్తుతాడనే అనుకున్నాను.

"సారూ, గట్లయితే నా చేతులు మంచిగనే ఉన్నయా?"

"నీ చేతులకేమయ్యా, బంగారం!"

"నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది సారూ. సైకిల్ చైను ఎక్కియ్యాలన్నా భయమైతుండె."

కామేశ్వరరావు గారు ఆ రెండు చేతులూ పట్టుకుని, నడిరోడ్డు మీద చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు?

ఆ ప్రమోషన్ ఆయనకు మళ్లీ రాలేదు. ఆ ఊసు ఆయన నోట ఎన్నడూ వినలేదు. ఆనాటినుంచి ఏ ఇంజను తక్కువ చూపినా, "ముందు నా వైపు చూసుకోనివ్వండి, తర్వాత మీ దగ్గరికొస్తా" అనడం ఆయనకు అలవాటైంది. మంజీర ఒడ్డున దహనమయ్యాక మల్లేశం నాతో, "ఆ దినం ఆయన గేటుకాడికి రాకపోతే నేను మళ్ల పానా పట్టకపోదును" అన్నాడు. ఆ పుణ్యమూర్తికి ఇంతకు మించిన శ్రద్ధాంజలి ఘటించే శక్తి నా భాషకు లేదు.

నిన్న బ్రేకు మీద ఒక ఇంజను తక్కువ చూపించింది. మావాళ్లు టెస్ట్ హౌస్ వాళ్ల వైపు చూశారు. వాళ్లు మావాళ్ల వైపు చూశారు. ముందుగా నోరు విప్పేవాడు ఎవడూ లేడు.