కడగని మాంసం

కడగని మాంసాన్ని కడిగానని చెప్పాను. ఒక్క మాట. యాభై ఏళ్లు దాటినా ఆ మాట గొంతులోనే ఉంది. మింగలేకపోయాను, బయటికీ అనలేకపోయాను. మీ తాతకు చెప్పలేదు. మీ అమ్మలకు చెప్పలేదు. పిల్లలూ, మీరు దూరంగా ఉన్నారు, నా ముఖం మీకు కనపడదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. ఎదురుగా కూర్చుని ఉంటే ఈసారి కూడా మాట మార్చి, తిన్నారా అని అడిగేదాన్ని.

మాంసం కడగకపోతే ఏమవుతుందని నవ్వుకుంటారు. అది తెలియాలంటే డేగ సంగతి చెప్పాలి.

తెలంగాణ కావాలని మొదటిసారి ఉద్యమం నడిచిన ఏడాది అది. నెల్లికుదురు దగ్గర మీ తాత ఇంటికి నేను కోడలిగా వచ్చి రెండేళ్లు. కాలేజీలు మూతబడి మా మరిది వరంగల్ నుంచి వచ్చి ఇంట్లో కూర్చున్నాడు. మా మామకు డేగ వేట అంటే ప్రాణం. కోసిన పొలాల్లో పూరేడు పిట్టలను డేగతో పట్టించేవాడు. ఆ డేగను అడవిలో పట్టి, మచ్చిక చేసి, వేట నేర్పినవాడు లచ్చిరాం. పక్క తండా మనిషి, నలభై దాటినవాడు. తండ్రి దగ్గర నేర్చుకున్న విద్య. మాతో తెలుగు మాట్లాడేవాడు, డేగతో మాత్రం తండా భాషే.

తుపాకీ వేట లాంటిది కాదు ఇది. డేగకు మన మీద ప్రేమ పుట్టదు. ఆకలి ఒక్కటే దాన్ని తిరిగి మన చేతి మీదికి తెస్తుంది. ఆకలి ఎక్కువైతే నీరసించి పూరేడును అందుకోలేదు. తక్కువైతే చెట్టెక్కి కూర్చుని మనల్ని మరిచిపోతుంది. ఆ రెంటి మధ్య ఉన్న ఇరుకు చోటును ప్రతి రోజూ కొత్తగా వెతుక్కోవాలి. పూరేడు కాళ్ల కింది నుంచి బుర్రున లేస్తుంది. డేగను గుప్పిట్లో పట్టుకున్న మనిషి ఆ రెప్పపాటులోనే దాన్ని రాయిలా విసరాలి. ఎన్నిసార్లు విసిరినా ఎక్కువసార్లు ఉత్త కాళ్లతోనే తిరిగి వచ్చేదట.

లచ్చిరాం వేటకు పోయే ప్రతి పొద్దునా దాని రొమ్ము ఎముకను రెండు వేళ్లతో తడిమేవాడు. ఎముక కత్తి అంచులా తగిలితే వేటకు సిద్ధం. పక్కన కండ మెత్తగా తగిలితే ఆ రోజు వేట లేదు. వేటకు ముందు మూడు రోజులు మాంసాన్ని నీళ్లలో పిసికి, నెత్తురంతా పోయి తెల్లబడ్డాకే పెట్టాలి. కడుపు నిండినట్టు ఉంటుంది, ఒంటికి బలం పట్టదు.

ఆ మాంసం కడిగే పని నాది.

మనుషుల అలికిడి అలవాటు కావాలని డేగను వంటింటి వెనక ఒక కొయ్య మీద కట్టేసేవారు. నేను గిన్నెలు తోముతూ, కారం దంచుతూ దాని ముందే తిరిగేదాన్ని. మొదట్లో రెక్కలు కొట్టుకుంటూ తలకిందులుగా వేలాడేది. తర్వాత తర్వాత నన్ను చూస్తే కదిలేది కాదు. ఒక మధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు, చేతికి తువ్వాలు చుట్టుకుని మాంసం ముక్క పట్టుకుని నాలుకతో చప్పుడు చేశాను. ఎగిరి నా పిడికిలి మీద వాలింది. పెద్ద బరువేమీ లేదు, ఎదిగే కోడిపిల్ల అంత. ఆ గోళ్ల పట్టు మాత్రం ఇప్పటికీ తెలుస్తుంది. ఆ ఇంట్లో రెండేళ్లలో తనంతట తాను నా దగ్గరికి వచ్చిన ప్రాణి అదొక్కటే అనుకున్నాను.

లచ్చిరాం గోడ పక్క నుంచి చూశాడు. కోప్పడతాడనుకున్నాను.

"నన్నయితే పదిహేను దినాలు తిప్పలు పెట్టింది గిది," అన్నాడు. "నీకు గట్లనే వచ్చె. నీ చెయ్యి మంచిదమ్మా."

ఆ తర్వాత గోడ మీది నుంచి, పెరట్లో చింతచెట్టు కొమ్మ మీది నుంచి దాన్ని ఎలా పిలవాలో నాకు అతనే నేర్పాడు. ఆ నెల రోజులు నేను సంతోషంగా ఉన్నాను. అంతకుముందు ఉన్నానా? గుర్తు రాదు.

ఇంతలో మరిది స్నేహితుడు ఒకడు టేకుమట్ల వైపు నుంచి తన డేగను తీసుకుని పోటీకి వస్తానన్నాడు. పొద్దెక్కేలోగా ఎవరి డేగ ఎక్కువ పూరేళ్లు పడితే వాళ్లది గెలుపు. గెలిస్తే తండా పక్కనున్న మెట్ట చెలకను దున్నుకొమ్మని మా మామ లచ్చిరాంకు మాటిచ్చాడు. అంతవరకూ అతనికి తనదంటూ ఒక చాలు కూడా లేదు.

నేనూ వస్తానన్నాను. దూరంగా నిలబడి చూస్తానన్నాను.

"నీ చేతిల గరిటె మంచిగుంటది వదినా," అన్నాడు మరిది. "డేగ ఎందుకు చెప్పు? మేం పూరేళ్లు తెస్తం, నువ్వు పులుసు పెట్టు."

మామ నవ్వాడు. మీ తాత కూడా, కొంచెం.

ఆ నవ్వు నన్ను మూడు రోజులు తిన్నది. పెంచింది నేను, దాని రెట్టలు ఎత్తింది నేను, అది ఎగిరితే చూడటానికి నేను పనికిరానా? అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. చెడు ఆలోచనలా రాలేదు. తెలివైన ఆలోచనలా వచ్చింది. డేగకు మామూలు కన్నా కాస్త ఎక్కువ బలం ఉంటే అక్కడ చెట్టెక్కుతుంది. లచ్చిరాం పిలిచినా దిగదు. అప్పుడు వాళ్లు నా కోసం రావాలి. నేను వెళ్లి చెయ్యి చాపితే అందరి ముందూ నా చేతి మీద వాలుతుంది. పోటీకి ముందు మూడు రోజులూ మాంసాన్ని కడగలేదు. నెత్తురుతోనే పెట్టాను. చివరి రోజు కోడి గుండెకాయ కూడా వేశాను. అది ఆశగా తింటుంటే ముద్దొచ్చింది.

పోటీ రోజు పొద్దున లచ్చిరాం వచ్చి ఎముక తడిమాడు. ఒకసారి తడిమి, వేళ్లు తీసి, మళ్లీ తడిమాడు.

"మాంసం కడిగిచ్చినవా అమ్మా?"

"కడిగిన."

"మూడు దినాలూ?"

"కడిగిన అంటున్న గద, లచ్చిరాం."

అతను తన వేళ్ల వైపు చూసుకున్నాడు. నా వైపు చూశాడు. "అయితే నా వేళ్లకే మొద్దు పట్టినట్టుంది," అని నవ్వి, డేగను ఎత్తుకుని వెళ్లాడు. తన వేళ్లు నిజం చెబుతుంటే నా మాట నమ్మాడు. ఎందుకు నమ్మాడు? నేను పటేలు ఇంటి కోడలిననా? తానే నేర్పిన మనిషిననా? రెండోదే అయి ఉంటుందని నా భయం.

నేను మంచి చీర కట్టుకుని కూర్చున్నాను. అది కూడా చెప్పాలి. పిలుపు వస్తుందని ముందే కట్టుకున్నాను.

పొద్దెక్కక ముందే మరిది రొప్పుతూ వచ్చాడు. "వదినా, జర రా. పిట్ట తాడిచెట్టు మీద కూసున్నది, దిగుతలేదు." గట్ల మీద వెళ్తున్నప్పుడు నాలో నేను నవ్వుకున్నాను.

తాడిచెట్టు కింద అందరూ నిలబడి ఉన్నారు. లచ్చిరాం మెడ వెనక్కి వంచి, చెయ్యి చాపి, వాళ్ల భాషలో పిలుస్తున్నాడు. గొంతు బొంగురుపోయింది. పైన డేగ ఈకలు ఉబ్బించుకుని, ఒక కాలు కడుపులోకి ముడుచుకుని కూర్చుంది. తిన్న డేగ అలా కూర్చుంటుంది. నేను తువ్వాలు చుట్టుకుని ముక్క పట్టుకుని పిలిచాను. ఒకసారి కిందికి చూసింది. మళ్లీ పిలిచాను. మళ్లీ. మరిది స్నేహితుడు ఎవరితోనో ఏదో అని నవ్వాడు. డేగ రెక్కలు విదిల్చి లేచి, గుట్ట వైపు వెళ్లిపోయింది. దాని కాలికి కట్టిన మువ్వలు కొంచెంసేపు వినబడ్డాయి.

నెల రోజులుగా దాన్ని నా చేతి మీదికి తెచ్చింది ఆకలే. నేను నా చెయ్యి అనుకున్నాను.

మా మామ లచ్చిరాంను అడిగాడు. "రొమ్ము బొక్క సూడలేదా?"

"సూసిన పటేలా. జర కండ తగిలింది."

"తగిలితే ఎందుకు ఎగరేసినవ్?"

లచ్చిరాం నా వైపు చూడలేదు. "తప్పు నాదే," అన్నాడు. నేను అతనికి నాలుగు అడుగుల దూరంలో ఉన్నాను. చేతికి తువ్వాలు అలాగే ఉంది. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు.

అవతలి వాళ్లు లచ్చిరాంను ఏదో ఇచ్చి కొనుక్కున్నారని మరిది అన్నాడు. ఊరంతా అదే అన్నది. మామ అతన్ని గడప తొక్కవద్దన్నాడు. చెలక వేరేవాళ్లకు పోయింది. ఆ ఎండాకాలమే లచ్చిరాం పెళ్లాం పిల్లలతో కూలి పనికి వలసపోయాడు. తర్వాత కొన్నేళ్లకు ప్రభుత్వం వేటే నిషేధించింది. ఇంట్లో ఆ కొయ్యను పొయ్యిలో పెట్టారు. ఇక ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎవరైనా అడిగితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. అడగరు. ఆడదాన్ని మాంసం సంగతి ఎవరు అడుగుతారు? ఆ అడగకపోవడం మీద కూడా కోపం వచ్చేది నాకు. నా తప్పుకు వాళ్ల మీద కోపం. ఇదేం న్యాయం చెప్పండి.

మా మామ మంచాన పడ్డప్పుడు చెబుదామని కూర్చున్నాను. కాళ్లు పిసికి లేచి వచ్చాను. మీ తాతకు చెబుదామని ఒకసారి మొదలుపెట్టాను. "డేగ గుర్తుందా?" అన్నాను. "ఆ లచ్చిరాంగాడు ముంచిన పిట్టనా?" అన్నాడు. అక్కడితో ఆగింది.

మీ అమ్మలు బడికి పోతున్న రోజుల్లో, మహబూబాబాద్ స్టేషన్‌లో ఒకసారి లచ్చిరాం కనిపించాడు. నెత్తిన మూట. జుట్టంతా తెల్లబడింది. నన్ను గుర్తుపట్టి తానే దగ్గరికి వచ్చాడు. పిల్లల పేర్లు అడిగాడు. నేను, ఇంకేం అడగాలో తెలియక, డేగలు పడుతున్నావా అన్నాను.

"లేదమ్మా," అన్నాడు. "ఆ దినం సంది నా వేళ్ల మీద నాకు నమ్మకం పోయింది. కోడిని పట్టుకున్నా అది బరువున్నదో లేదో ఇంకొకరిని అడుగుతున్న."

అప్పటిదాకా నేను ఒక మాటతో నన్ను నేను ఓదార్చుకునేదాన్ని. అతనికి తెలిసే ఉంటుంది, తెలిసీ నన్ను కాపాడాడు అనుకునేదాన్ని. అతనికి తెలియదు. ఇన్నేళ్లూ నా మాటే నమ్మి, తన చేతిని తప్పుపట్టుకున్నాడు. చెప్పాలని నోటిదాకా వచ్చింది. బండి వచ్చింది. నా చేతిలో అరటిపళ్లు ఉంటే అతని మూటలో పెట్టాను. అరటిపళ్లు. ఇప్పటికీ తలుచుకుంటే నా చెయ్యి నేనే విరగ్గొట్టుకోవాలనిపిస్తుంది.

మొన్న తండాకు మనిషిని పంపి అడిగించాను. లచ్చిరాం చనిపోయి చాలా ఏళ్లయిందట. పిల్లలు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదట. ఆలస్యంగా అడిగాను. ఆలస్యం అవుతుందని తెలిసే ఆగానేమో.

మీరు నన్ను సముదాయించకండి. అప్పుడు చిన్నదానివి అవ్వా, అనకండి. ఫోన్ చేస్తే ఈ సంగతి ఎత్తినా సరే, ఎత్తకపోయినా సరే. ఒకటి మాత్రం వినండి. అతను అడిగిన ప్రశ్నకు జవాబు ఇంకా బాకీ ఉంది. దాన్ని ఒక్కసారైనా సరిగ్గా చెప్పాలి.

మాంసం కడిగిచ్చినవా అమ్మా?

కడగలేదు, లచ్చిరాం. మూడు దినాలూ కడగలేదు. నీ వేళ్లు మంచిగనే ఉన్నయి.