ముద్ర తప్పిన కానీలు

మా ఆయనకి జగ్గయ్యపేటలో చిల్లర కొట్టు ఉండేది. గల్లాలో పడిన చిల్లు కానీల్లో ముద్ర సరిగా పడనివి ఏరి దాచడం ఆయనకో పిచ్చి. చిల్లు అంచుకి జరిగిపోయినవీ, కిరీటం రెండుసార్లు పడినవీ, ఒక పక్క బోడిగా ఉన్నవీ. ఒక్కోదాన్నీ కాగితంలో చుట్టి బిస్కెట్ల డబ్బాలో పెట్టేవారు.

"అవిటి కానీలు దాచుకునే షావుకారు మా వాడొక్కడే" అని మా అత్తగారు ఎత్తిపొడిచేవారు.

నయాపైసలు వచ్చిన ఏడాది ఆయనకి క్షయ అని తేలింది. వారానికి రెండుసార్లు నందిగామ బస్సెక్కి సూదిమందు వేయించుకురావాలి. కొట్లో సరుకు తరిగింది. నా గాజులు పోయాయి. అప్పుడు బెజవాడ నుంచి, ఇలాంటి నాణేలు కొనే పెద్దమనిషి ఒకాయన శనివారం వస్తానని కబురుపెట్టాడు.

"ఈ డబ్బాతో వేసవి దాటేదాకా సూదులకి లోటుండదే" అన్నారు మా ఆయన. చాన్నాళ్లకి అన్నం మారు వడ్డించుకున్నారు.

మా ఇళ్లలో శుక్రవారం పూజకి గల్లాలో డబ్బులు చింతపండుతో కడిగి పీట మీద పెడతాం. ఆ కానీలు నల్లగా ఉన్నాయి, చూసినవాడు ధరేం కడతాడనుకున్నాను. ఆయన నిద్రపోతుంటే పెరట్లో కూర్చుని అన్నీ విప్పాను. కాగితాల మీద ఏదో రాసి ఉంది. నాకప్పటికి అక్షరాలు రావు. పొయ్యిలో వేశాను. చింతపండూ ఇటుకపొడీ పెట్టి ఒక్కొక్కటీ తళతళలాడేలా తోమాను.

శనివారం ఆ పెద్దమనిషి భూతద్దం తీసి చూసి, "ఎవరు తోమారండీ వీటిని?" అన్నాడు.

మెచ్చుకుంటున్నాడనుకుని నేను తలుపు చాటున నిలబడ్డాను.

"నేనే" అన్నారు మా ఆయన.

"అయ్యో షావుకారుగారూ! రెండో ముద్ర గీతలు అరిగిపోయాయే. మిగతావైనా, ఆ పాత నలుపు పోయేలా ఇంత తోమాక ఎవరూ ముట్టుకోరు. ఇక వట్టి రాగే."

మజ్జిగ కూడా తాగకుండా బస్సుకి వెళ్లిపోయాడు.

"నేను తోమానని చెప్పొచ్చుగా" అన్నాను ఏడుస్తూ.

"చెబితే గీతలు మళ్లీ పడతాయా?" అన్నారు. కాసేపటికి, "మెరుపు మాత్రం బాగా తెచ్చావే" అని గోడవైపు తిరిగి పడుకున్నారు.

డబ్బా మొత్తం రాగి కింద గిన్నెల కొట్లో ఇచ్చేస్తే రెండుసార్లు నందిగామ వెళ్లొచ్చాం. తరవాత కూడా ఆయన సూది రోజున చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చునేవారు. బస్సు వెళ్లిపోయాక, "ఇవాళ దగ్గు తక్కువగానే ఉందిలే" అనేవారు.

తక్కువగా లేదు.